మేస్త్రికి వచ్చిన చెవుడు

మిషన్ల మేస్త్రికి చెవుడు వచ్చిందని వీధి వీధంతా చెప్పుకుంటోంది. ముప్పై ఏళ్లు కుట్టుమిషన్ల మధ్య కూర్చుని ఆ టకటకలకి చెవులు పాడైపోయాయని కొందరు, తెల్లవారే వేళ ఏటి గాలి చెవుల్లో దూరిందని కొందరు, పెళ్లాం గొంతు వల్లే అంతా అని ఇంకొందరు. ఆ చివరి మాట అనేవాళ్లు ఆవిడ వీధి మలుపు తిరిగాకే అంటారు, అది వేరే సంగతి. ఇవన్నీ ఉత్త మాటలు. మేస్త్రికి చెవుడు లేదు, గివుడు లేదు. చీమ చిటుక్కుమన్నా వినపడే చెవులు ఆయనవి. అసలు జరిగింది ఇది.

కుట్టుమిషన్లు బాగుచేసేవాడికి కళ్లకంటే చెవులతోనే పని ఎక్కువ. ఎవరింటికి వెళ్లినా మేస్త్రి ముందుగా మిషను మీద చెయ్యి వేసేవాడు కాదు. "అమ్మా, నాలుగు కుట్లు వెయ్యండి" అని, గోడవైపు తిరిగి నిలబడి వినేవాడు. విని, "బెల్టు వదులైంది" అనో, "నూనె వేసి ఎన్నాళ్లయింది తల్లీ, పాపం ఏడుస్తోంది" అనో చెప్పేవాడు. ఒకసారి వీధిలో నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, ముక్కూమొహం తెలియనివాళ్ల తలుపు తట్టి, "మీ మిషను సూది వంగింది, మార్చండి" అని చెప్పి తన దారిన తాను వెళ్లిపోయాడు. ఎవరో దొంగ ఇల్లు చూసుకోవడానికి వచ్చాడని ఆ ఇంటావిడ వారం రోజులు పగలు కూడా గడియ వేసుకుంది. సూది మాత్రం మార్చింది.

ఆదివారం మాత్రం ఆయన దగ్గర మిషను మాట ఎత్తకూడదు. గాలం కర్ర, వానపాముల డబ్బా, మడత కుర్చీ పుచ్చుకుని ఏటికి పోతాడు. ఏరు పెద్దదే గానీ దిగే చోటే చిన్నది. అవతలి ఒడ్డు పొడుగునా కంచె వేశారు. ఇవతల గోదాముల గోడలు నీళ్లదాకా వచ్చేశాయి. రెండు గోదాముల నడుమ మనిషి పట్టేంత సందు, సందు చివర మెట్లు, మెట్ల కింద నలభై అంగల గట్టు. ఊళ్లో గాలం పట్టిన ప్రతివాడూ ఆ నలభై అంగల్లోనే సర్దుకోవాలి.

సర్దుకోవాలంటే మర్యాదలు ఉండాలి కదా. వాటిని కాపాడేది పోస్టుమాన్ తాత. ఆయనకి ఇప్పుడు ఉద్యోగమూ లేదు, అధికారమూ లేదు. గొంతు ఉంది. ముందొచ్చినవాడికి నచ్చిన చోటు. కుర్చీకీ కుర్చీకీ మధ్య రెండు బారల ఎడం. వెనక నుంచి నడిచేవాడు "వెనక, వెనక" అంటూ నడవాలి, లేకపోతే విసిరిన గాలం వాడి చొక్కా చేతికి తగులుకుంటుంది. వీటిలో ఏది తప్పినా తాత ఒక అరుపు అరిచి ఊరుకుంటాడు. ఒక్కటి మాత్రం తప్పకూడదు. ఎవరికైనా పెద్ద చేప తగిలితే "పడింది!" అని కేక వేస్తారు. ఆ కేక వినగానే అటూ ఇటూ ఉన్నవాళ్లు తమ గాలాలు పైకి తీసెయ్యాలి. పెద్ద చేప ఉన్నచోట ఉండదు, అడ్డంగా పరిగెడుతుంది, పక్కవాడి దారం నీళ్లలో ఉంటే దానికి చుట్టుకుని తెంపుకుపోతుంది. నీ దారానికి కట్టిన బెండు అప్పుడే మునుగుతున్నా సరే, తియ్యాల్సిందే. ఈ మర్యాద ఒకరు చెప్పాలా? గట్టు మీద కుర్చీ వేసిన మొదటిరోజే అందరికీ తెలిసిపోతుంది.

ఆ గట్టు మీదే పదకొండేళ్లుగా ఒక టైలరు కూర్చుంటున్నాడు. మెత్తని మనిషి. వచ్చేటప్పుడు మెడలో కొలత టేపు కూడా తీసెయ్యడు. పదకొండేళ్లలో ఆయనకి వేలెడు పొడుగు దాటిన చేప పడలేదు. "ఇదిగోనయ్యా, ఇవాళ నాలుగు గుండీలు పట్టాడు" అని తాత అంటే అందరూ నవ్వేవాళ్లు, ఆయనా నవ్వేవాడు. "టేపెందుకు తెస్తావు?" అంటే, "ఏ రోజు అవసరం పడుతుందో ఏం చెప్తాం" అనేవాడు.

ఆ ఆదివారం టైలరు కుర్చీ మేస్త్రి పక్కన పడింది. మేస్త్రికి అప్పటికి ఆరు వారాలుగా ఒక్క చేప కూడా దొరకలేదు. ఉత్త డబ్బాతో మెట్లెక్కుతుంటే "ఈ వారం కూడా చేపలకి భోజనం పెట్టి వచ్చావా మేస్త్రీ?" అని తాత అడుగుతున్నాడు. ఇంట్లో పెళ్లాం అడగడం కూడా మానేసింది, అది ఇంకా కష్టంగా ఉంది. అలాంటి రోజున ఆయన బెండు కదిలింది. కదిలి ఆగింది. మళ్లీ కదిలింది. మేస్త్రి కర్ర పుచ్చుకున్నాడు.

సరిగ్గా అప్పుడు పక్కనుంచి కేక వచ్చింది. "పడింది!"

మేస్త్రి విన్నాడు. చెయ్యి కర్ర మీదే ఉంది, ఒక్క లాగు లాగితే చాలు. బెండు ఇంకొంచెం దిగింది. ఒక్క క్షణం, అనుకున్నాడు.

"అన్నా! తియ్యన్నా!"

టైలరు ఆయన్ని ఎప్పుడూ మేస్త్రి గారూ అనే పిలిచేవాడు. ఆ కంగారులో అన్న అయిపోయాడు. మేస్త్రి అదీ విన్నాడు. గుండీలు పట్టేవాడికి ఎంత చేప పడి ఉంటుందిలే, అని కూడా అనుకున్నాడు. తరవాత ఎన్నో రోజులు ఆయన్ని పడుకోనివ్వకుండా కాల్చింది ఆ అనుకున్న మాటే.

చేప ఒక్కసారి పైకి లేచింది. రెండు అరచేతులు కలిపినంత వెడల్పు తోక. గట్టు మీద అందరూ చూశారు. అది అడ్డంగా దూసుకొచ్చింది, మేస్త్రి దారాన్ని చుట్టుకుంది, ఒక మెలిక తిరిగింది, టప్పుమని తెంపుకుని పోయింది. టైలరు చేతిలో కర్ర తేలిగ్గా పైకి లేచింది. ఆయన మెడలో టేపు తీసి, చుట్ట చుట్టి, జేబులో పెట్టుకున్నాడు. మేస్త్రి తన గాలం పైకి లాగితే ఎర కూడా లేదు.

పోస్టుమాన్ తాత గట్టు అదిరేలా వచ్చాడు. "ఏమయ్యా మేస్త్రీ! కేక వినపడలేదా నీకు?"

మేస్త్రి తల తిప్పాడు. చెయ్యి దానంతట అదే చెవి వెనక్కి పోయింది. "ఆఁ? ఏమన్నారు?" అన్నాడు.

"అయ్యో, చెవులు పోయినట్టున్నాయే" అంది ఒక గొంతు. "పోవూ మరి? ముప్పై ఏళ్ల నుంచి ఆ మిషన్ల మధ్య!" అంది ఇంకో గొంతు. తాత కోపం ఎటు పోయిందో, వంగి మేస్త్రి చెవిలో "ఏం ఫర్వాలేదయ్యా! నీ తప్పేం లేదు!" అని అరిచాడు. నిజంగానే చెవుడు వచ్చేంత గట్టిగా అరిచాడు. వచ్చి ఉంటే బాగుండేదని మేస్త్రి ఆ తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

ఆయన ఇంటికి చేరేసరికి ఆ కబురు ముందే చేరింది. గుమ్మంలో భార్య నిలబడి ఉంది. "ఏవండీ, ఎప్పట్నుంచి ఇలా?" అంది. ఆ ఒక్క చోట నిజం చెప్పి ఉంటే అక్కడితో పోయేది. మేస్త్రి మళ్లీ "ఆఁ?" అన్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి పక్కింటావిడతో చెప్పుకుంది. "పిలిస్తే పలకడు, పలకడు అని ఇన్నేళ్లూ తిట్టిపోశానమ్మా. వినపడక పలకలేదని నాకేం తెలుసు?" కళ్లు తుడుచుకుంటున్న చప్పుడు కూడా మేస్త్రికి ముందుగదిలోకి వినపడింది. ఇన్నేళ్లూ వినపడే పలకలేదు ఆయన. సిగ్గుతో చితికిపోయి, ఉన్న స్క్రూ డ్రైవర్లన్నీ తీసి మళ్లీ సర్దాడు.

చెవుడు నటించడం ఎంత కష్టమో చెవుడున్నవాళ్లకి తెలియదు. వెనక గిన్నె పడితే ఉలిక్కిపడకూడదు. ఎవరైనా జోకు వేస్తే నవ్వకూడదు. అన్నిటికంటే కష్టం, మనుషులు ఆయన ఎదురుగానే ఆయన గురించి మాట్లాడుకోవడం. తిట్టినా బాగుండేది. "చాలా మంచి మనిషి, పాపం" అనేవాళ్లు. మిషన్లు రావడం కూడా తగ్గింది. "విని చెప్పే మనిషి కదా, ఇప్పుడేం విని చెప్తాడు" అని ఒకావిడ మరో ఆవిడతో ఆయన గుమ్మం ముందే అని, ఆయన వైపు చూసి ప్రేమగా నవ్వి, మిషను ఎత్తించుకుని ఇంకో వీధికి పోయింది.

రెండు వారాలు ఏటికి పోలేదు. మూడో వారం భార్యే కుర్చీ చేతికిచ్చి, "వెళ్లి రండి! కాస్త తేలిగ్గా ఉంటుంది!" అని అరిచి పంపింది. వెళ్లి చూస్తే మెట్ల పక్క చోటు ఖాళీగా ఉంది. నీడ, లోతు నీళ్లు, ఆ చోటు కోసం చీకటితోనే లేచి వస్తారు జనం. అది మేస్త్రికే అని తాత తీర్పు చెప్పాడట. "ముందొచ్చినవాడికి కాదా?" అని ఎవరో గొణిగితే, "వాడికి వెనక ఎవరొచ్చేదీ వినపడదు, గోడ పక్కన ఉంటే భద్రం. నీకు చెవులున్నాయిగా, నువ్వు ఎక్కడైనా కూర్చో" అన్నాడట. మేస్త్రి తలొంచుకుని కూర్చున్నాడు.

పక్కన ఎవరూ కుర్చీ వెయ్యలేదు. చెవిటివాడి పక్కన కూర్చుంటే పెద్ద చేప పడినా దక్కదని అందరికీ అర్థమైంది. అప్పుడు టైలరు వచ్చి అక్కడే కుర్చీ వేశాడు. జేబులోంచి కోట్లు కుట్టే లావుపాటి నీలం దారం తీసి, ఒక కొస మేస్త్రి మణికట్టుకి, ఇంకో కొస తన మోచేతికి కట్టాడు. చేప పడినట్టు, దారం లాగినట్టు, గాలం పైకి తీసినట్టు చేతులతో ఆడి చూపించాడు. "నేను లాగితే మీరు తీసెయ్యండి! ఇంతే!" అని నిదానంగా, గట్టిగా చెప్పాడు. ఆ చివర నుంచి ఎవరో, "వాడికి వినపడే ఉంటుందయ్యా ఆ రోజు. కుళ్లు" అన్నారు. టైలరు వెనక్కి తిరిగి, "వినపడితే తీసేవాడే. నాకు తెలుసు ఆ మనిషి" అన్నాడు.

అది విన్నాక మేస్త్రికి నీళ్లు కనపడలేదు, బెండు కనపడలేదు.

ఆ నెలలో ఎవరెవరికో నాలుగుసార్లు చేపలు పడ్డాయి. నాలుగుసార్లూ కేక ముందు వినపడేది. దారం లాగేది ఆ తరవాత. ఆ మధ్యలో మేస్త్రి చెయ్యి కర్ర మీద పెట్టుకుని, వింటూ, కదలకుండా కూర్చోవాలి. ఆ రోజు కూర్చున్నట్టే.

ఒకసారి తెగించాడు. మెట్ల మీద తాతని ఆపి, "తాతా, నా చెవుల సంగతి..." అన్నాడు. తాత ఆయన రెండు భుజాలూ పట్టుకుని, "తెలుసయ్యా! అందరికీ తెలుసు! నువ్వేం బాధపడకు!" అని సందంతా మారుమోగేలా అరిచి, కుర్చీ తనే మోసుకుంటూ ముందుకు నడిచాడు.

ఆ వారమే, బుధవారం మధ్యాహ్నం, టైలరు తన మిషను తలని దుప్పటిలో చుట్టి భుజాన వేసుకుని వచ్చాడు. మేస్త్రి భార్య ఆశ్చర్యపోయింది. "ఇక్కడికే తెచ్చావా తమ్ముడూ?"

"చెవులు పోతే చేతులు పోయాయా అక్కా?" అన్నాడు టైలరు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ బట్టలు ఆరెయ్యడానికి మేడమీదికి వెళ్లింది.

టైలరు మిషను తలని స్టాండు మీద బిగించి, పక్కనున్న నల్లటి పనిబల్ల మీద సుద్దముక్కతో "దారం తెగుతోంది" అని రాసి చూపించాడు. స్టూలు మీద కూర్చుని, ఒక పాత గుడ్డ పెట్టి తొక్కడం మొదలుపెట్టాడు. మేస్త్రి వంగాడు. నూనె వాసన, చక్రం తిరిగే చప్పుడు, సూది దిగే చప్పుడు. చాలా రోజులైంది ఆయన మిషను ముందు వంగి. గోడవైపు మొహం తిప్పి కళ్లు మూసుకున్నాడు. ఆ క్షణాన ఆయనకి ఏరూ గుర్తులేదు, గట్టూ గుర్తులేదు.

"ఆపు, ఆపు" అన్నాడు. "కింద సన్నగా టిక్కుమంటోంది."

టైలరు కాలు ఆగింది.

మేస్త్రి చెయ్యి అప్పటికే సూది కింద ఉండే రేకు జరిపి లోపలికి పోయింది. కింది దారం ఉండే షటిల్ పక్కన ఇరుక్కున్న విరిగిన సూది మొనని రెండు వేళ్లతో బయటికి తీశాడు. చీమ తలంత ఉంది. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూసి నవ్వబోయాడు. అప్పుడు తెలిసింది. వేళ్లు అలాగే గాలిలో ఉండిపోయాయి.

టైలరు బల్ల మీద తన రాతని ఒకసారి చూసుకున్నాడు. దారం తెగుతోందనే రాశాడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, మేస్త్రికి వీపు పెట్టి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. తనలో తను అనుకున్నంత మెల్లగా అడిగాడు.

"మేస్త్రి గారూ. ఆ రోజు నేను పిలిచింది మీకు వినపడిందా?"

చెయ్యి చెవి దాకా పోతే చాలు. భుజం దాకా లేచింది కూడా. మేస్త్రి దాన్ని దించి, సూది మొనని బల్ల మీద సుద్ద అక్షరాల పక్కన పెట్టాడు.

"వినపడింది" అన్నాడు. "రెండుసార్లు పిలిచావు. రెండోసారి అన్నా అన్నావు."