ముయ్యాళ్ల మీద నేను రాసిన మెయిలు

ఎంబీఏలో హెచ్‌ఆర్ చదివిన ఆడపిల్లకు ఆళ్లగడ్డలో దొరికే మర్యాద ఇంతా అంతా కాదు. "అంటే ఏం పని పాపా?" అని అడిగేవాళ్లు. "మనుషుల్ని చూసుకునే పని" అంటే, "ఆస్పత్రిలోనా?" అనేవాళ్లు. నంద్యాల బయట ఒక విత్తనాల కంపెనీలో ఉద్యోగం వచ్చాక మా నాయన మాత్రం కూతురు ఆఫీసరైందని వీధంతా చెప్పుకున్నాడు. ఆ ఆఫీసరు కుర్చీ మంచినీళ్ల క్యాన్‌కూ జిరాక్సు మిషనుకూ మధ్య ఇరుక్కుని ఉందని నేను ఆయనతో చెప్పలేదు.

మొదటి రోజే మేనేజరు, అంటే ఓనరు బామ్మర్ది, నా చేతిలో కంపెనీ నియమాల పుస్తకం పెట్టాడు. ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చారో గానీ, అందులో 'భారీగా మంచు కురిసిన రోజుల్లో సిబ్బంది ఇంటి నుంచే పని చేయవచ్చు' అని ఉంది. నంద్యాలలో మంచు! ఎండాకాలం రేకుల షెడ్డు కింద నిలబడితే మెదడు ఉడికిపోయే ఊళ్లో! నవ్వు ఆపుకుని ఆ లైను చూపించాను. ఆయన తీరిగ్గా చదివి, "ఉండనీలేమ్మా, పడినప్పుడు చూసుకుందాం" అన్నాడు. ఆ మాటకే నేను సంచి తీసుకుని తిరుగు బస్సెక్కి ఉండాల్సింది.

ఎక్కలేదు సరికదా, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు తయారయ్యాను. ఆరు నెలలు ప్రొబేషను. ఆ తర్వాత పర్మనెంటు చేయడమా, ఇంటికి పంపడమా అన్నది మేనేజరు దయ. అందుకని గోడల మీద 'మనమంతా ఒకే కుటుంబం' అని అట్టలు అంటించాను. ఆ కుటుంబంలో ఏసీ ఒక్క బామ్మర్ది గదిలోనే ఉండేది. గేటు దగ్గర సలహాల పెట్టె కూడా పెట్టించాను. వారం తర్వాత తెరిస్తే అందులో రెండు బీడీ ముక్కలు, ఒక వక్కపొడి పొట్లం కాగితం ఉన్నాయి. ఎవరో నాకు సలహా ఇచ్చారన్నమాట.

కంపెనీలో అసలు పని ఏరుడు షెడ్డులో జరిగేది. పొడుగాటి బల్లల ముందు ఆడవాళ్లు కూర్చుని శనగ విత్తనాల్లోంచి పుచ్చులూ పగుళ్లూ ఏరేవాళ్లు. వాళ్లలో ఎనిమిది మంది మా ఆళ్లగడ్డ వాళ్లే, పొద్దున నేనెక్కే బస్సులోనే వచ్చేవాళ్లు. ఆ ఎనిమిది మందికీ ఒకామె పెద్ద దిక్కు. నలభై దాటి ఉంటాయి. ఆరేళ్లుగా ఏరుతోంది. గుప్పెడు గింజలు అరచేతిలో ఆడించి ఆ బస్తా పనికొస్తుందో లేదో చెప్పేది, సూపర్‌వైజరు కూడా ఆమెనే అడిగేవాడు. రోజూ తన క్యారియరు సంచి పెట్టి నాకు సీటు ఆపేది. "రా పాపా, కూర్చో. పొద్దున్నే నిలబడితే కాళ్లు పీకుతాయి" అనేది. నేను మహారాణిలా కూర్చునేదాన్ని.

వేలిముద్రల మిషను దుమ్ముకు చచ్చిపోయి చాలా కాలమైంది కాబట్టి హాజరు నేనే పిలిచేదాన్ని. ఒకరోజు ఆమె పేరు పిలిస్తే ఇంకెవరో "ఉండా" అంది.

"నువ్వెవరు?" అన్నాను.

"ఆమె తోటికోడల్నమ్మా. అక్క కూతురికి నొప్పులొస్తాండాయంట, ఆస్పత్రికి పోయినాది. నేనొచ్చినా."

దాపరికం లేదు, భయం లేదు. సూపర్‌వైజరు మాత్రం షెడ్డు పైకప్పు వైపు చూశాడు. గదిమి అడిగితే అప్పుడు చెప్పాడు. మా వైపు పొలాల్లో ముయ్యి అని ఉంది. ఈ రోజు నువ్వు నా చేనికొస్తే రేపు నేను నీ చేనికొస్తా, కూలి ఉండదు, చేతికి చేయి బదులు. అలా వచ్చేవాళ్లు ముయ్యాళ్లు. ఆ ముయ్యినే ఈ ఆడవాళ్లు కంపెనీ షెడ్డులోకి తెచ్చారు. ఒకరు రాలేకపోతే వాళ్ల మనిషి ఒకరు వచ్చి ఆ బల్ల ముందు కూర్చుంటుంది. తర్వాత ఆ రుణం చేనిలో తీరుతుంది. ఏ రోజూ ఏ బల్లా ఖాళీగా లేదు. ఈ సంగతి మేనేజరుకూ తెలుసు. కాగితం మీద ఎవరూ పెట్టలేదు, అంతే.

నేను పెట్టాను. 'ఒకరి పేరుతో మరొకరు హాజరు: తీవ్రమైన క్రమశిక్షణారాహిత్యం' అని హైదరాబాదు హెడ్డాఫీసుకు మెయిలు కొట్టాను. 'మంచి పరిశీలన' అని జవాబొచ్చింది, పక్కన బొటనవేలు బొమ్మ. ఆ బొమ్మను మా నాయనకు చూపించి మురిసిపోయాను, సిగ్గులేని దాన్ని. మహా అయితే మందలిస్తారు అనుకున్నాను. రెండు రోజుల్లో ఆమెను తీసేయమని ఉత్తర్వు వచ్చింది, అందరికీ బుద్ధి రావాలంట.

"నువ్వే గదమ్మా రాసింది, నువ్వే ఇయ్యి" అన్నాడు మేనేజరు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆమెకు నేనే చదివి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఆమె అరవలేదు, ఏడవలేదు.

"గింజలేమన్నా చెడినాయా పాపా?"

"లేదు."

"బల్ల ఖాళీగా ఉండిందా?"

"లేదు. కానీ రూలు..."

"రూలు సరే. ముందురోజు బస్సులో నీకు చెప్పినా గదా, బిడ్డకు నెలలు నిండినాయి, ఏ పొద్దయినా ఆస్పత్రికి పోవాలని."

చెప్పింది. తను ఆపిన సీటులో నన్ను కూర్చోబెట్టుకుని మరీ చెప్పింది. ఏరు దాటి తెప్ప తగలేసిన వాళ్లను చూశాం గానీ, దాటకముందే తగలేసింది నేనొక్కదాన్నే అయి ఉంటాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు బస్సులో ఆ ఎనిమిది మందిలో ఒక్కరూ లేరు. ఎక్కడ కావాలంటే అక్కడ సీటు. షెడ్డులో ఆళ్లగడ్డ బల్లలు బోసిగా ఉన్నాయి. ఆ మరుసటి రోజు నంద్యాల వాళ్లూ మానేశారు. శనగ విత్తే అదను, బయట లారీలు, ఫోన్లలో డీలర్ల తిట్లు. మంచు పడినా చూసుకుందామన్న మనిషికి ఏసీలో చెమటలు పట్టాయి.

"ఎవరడిగినారమ్మా నిన్ను రాయమని? పో, పోయి పిల్చుకొనిరా. ఇది చక్కబెడితే నీ ప్రొబేషను సంగతి నేను చూసుకుంటా."

సాయంత్రం వాళ్ల వీధికి వెళ్లాను. ఆమె అరుగు మీద మనవడికి నూనె రాస్తోంది, చుట్టూ మిగతా వాళ్లు. "మేడం వచ్చినారు, కుర్చీ ఎయ్యండి" అంది. పాపా అన్న నోటితోనే.

"అక్క వస్తే అందరం వస్తాం. లేకుంటే మీ ఆపీసోళ్లే ఏరుకోండి" అంది ఒకామె.

ఇంకొకామె నవ్వుతూ అడిగింది: "నువ్వు ఒక పొద్దు రాకపోతే నీ బదులు ఎవురొస్తారు మేడం?"

ఎవరొస్తారు? నా మొహానికి ఎవరూ రారు. కాఫీ తాగి లేచి వచ్చాను.

హెడ్డాఫీసు దిగిరాలేదు. ఆమె ఆధార్ నంబరు కంపెనీ కంప్యూటర్లో మూసేశారు, ఇక ఆ పేరుతో మళ్లీ చేర్చుకునే వీల్లేదు. మేనేజరుకు అదొక లెక్కా! "తోటికోడలి ఆధార్ తెప్పియ్. ఆ పేరు మీద కొత్తగా చేర్చుకో. మనిషి ఆమే ఉంటుంది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "సార్, ఆమెను తీసేసింది దీనికే గదా!"

"ఆ పొద్దు వాళ్లంతట వాళ్లు చేసినారు. ఈ పొద్దు మనం చేస్తాండాం" అన్నాడు, ఎంత తేడానో నాకు అర్థం కావాలన్నట్టు.

కాదని లేచి రావచ్చు. రాలేదు. ప్రొబేషను ఇంకా రెండు నెలలుంది.

మర్నాడు ఆమె నా ఎదుట కూర్చుంది. పేరు దగ్గర తోటికోడలి పేరు రాశాను. వయసు దగ్గర తోటికోడలి వయసు. 'ఈ పనిలో పూర్వానుభవం' అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది.

"రాయి మేడం, ఏందీ ఆలోచన చేస్తాండావ్? లోపల గింజలుండాయి" అంది.

'లేదు' అని రాశాను. కాగితం ఆమె ముందుకు తిప్పాను. ఆమెకు సంతకం వచ్చు, తన పేరు మాత్రమే. అందుకని వేలిముద్ర వేయించుకున్నాను.