ఎనభై నాలుగు మార్కుల ఆట

వేలూరు తొరపాడిలో జైలు గోడ దాటి కొంచెం ముందుకు పోతే ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. తొంభైల చివరికి టైపు నేర్చుకునేవాళ్ళు కరువైపోయారు. యజమాని మిషన్లకు గుడ్డలు కప్పి మూలకు నెట్టేసి, నాలుగు కంప్యూటర్లు తెచ్చి పెట్టాడు. వారమంతా వాటి మీద కోర్సులు నేర్పేవాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం గంట చొప్పున ఆటలకు వదిలేవాడు. నేను వేలూరులో పాలిటెక్నిక్ చదువుతూ రోజూ గుడియాత్తం నుంచి బస్సులో వచ్చిపోయేవాణ్ణి. ఆదివారం కూడా స్పెషల్ క్లాసని ఇంట్లో చెప్పి అదే బస్సెక్కేవాణ్ణి. ఒక గంట ఆట కోసం రానూపోనూ మూడు గంటలు. కాలేజీలో నాకు స్నేహితులు లేరు. ఉన్నారని ఇంట్లో చెప్పేవాణ్ణి.

ఆ టైపు గదిలో మాత్రం నాకొక మర్యాద ఉండేది. అది ఇంగ్లీషు వల్ల వచ్చింది. పాత పుస్తకాల అంగడిలో కంప్యూటర్ ఆటల పత్రికలు దొరికేవి. విదేశాలవి, ఆరేడు నెలల పాతవి, లోపలి సీడీ ఎవరో ముందే పీకేసుకున్నవి. నేను వాటిని కొని తెచ్చి, మా గంట మొదలయ్యే ముందు బెంచీ మీద కూర్చుని చదివి చెప్పేవాణ్ణి. మిగతావాళ్ళు టైపు స్టూళ్ళ మీద ఎదురుగా కూర్చుని వినేవాళ్ళు. పత్రికవాళ్ళు ఒక్కో ఆటనూ ఆడి చూసి, మంచీచెడూ రాసి, చివర్లో నూటికి ఇన్ని అని మార్కులు వేస్తారు. అక్కడ మొదలయ్యేది తగాదా. అందరం తమిళంలోనే గొంతు చించుకునేవాళ్ళం.

ఆడి చూసి రాసినవాళ్ళకంటే మనకెక్కువ తెలుసా అనేది ఒక పార్టీ. కంపెనీలిచ్చే ప్రకటనల మీద బతికే పత్రిక ఆ కంపెనీ ఆటనే ఎట్లా తిడుతుంది అనేది రెండో పార్టీ. ఆ రెండో పార్టీలో చాలా వారాలు నేనొక్కణ్ణే.

ఇంకో తగాదా ఆటలు మారిపోవడం గురించి. మా పాత ఆటల్లో మూడు ప్రాణాలు ఇచ్చేవాళ్ళు. మూడూ పోతే మొదటికి రావలసిందే. కొత్తగా వస్తున్న ఆటల్లో ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి, దాచుకుని, మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెట్టవచ్చట. అదెక్కడి ఆట అని నేను ఒంటికాలి మీద లేచేవాణ్ణి. పోతామనే భయం లేనప్పుడు గెలిచి ఏం లాభం అనేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళ వయసులో ఇటువంటి విషయాల మీద నాకు చాలా గట్టి అభిప్రాయాలుండేవి.

ఆ ఏడాది యజమాని పైన ఇంకో అంతస్తు వేయించడం మొదలుపెట్టాడు. వేలూరంతా అప్పుడు పైకి లేస్తూనే ఉంది, ఎటు చూసినా కంకర కుప్పలే. ఒక ఆదివారం నేను మెట్ల కింద నిలబడి ఉంటే పైనుంచి తెలుగు వినిపించింది. "రసమట్టం యాడ పెట్టినావు నాయనా?" "ఆడనే ఉండాది చూడప్పా, గోనెసంచి మీద." మా ఇంట్లో మాట్లాడే తెలుగు. వేలూరులో నేను ఎవరితోనూ మాట్లాడని తెలుగు. ఇంటిమీద బెంగ పడడానికి నేనేమీ దూరదేశంలో లేను, సాయంత్రానికి ఇంట్లోనే ఉంటాను. అయినా ఇంకో మాట వినిపిస్తుందేమోనని ఆ మెట్ల కిందే ఉండిపోయాను.

వాళ్ళు తాపీమేస్త్రి, ఆయన కొడుకు. ఊరు గుడియాత్తమే, మా వీధికి రెండు వీధుల అవతల. పని జరిగినన్ని రోజులూ తొరపాడిలోనే రేకుల షెడ్డులో ఉండేవాళ్ళు. కొడుకుది నా వయసే. ఆదివారం ఒంటిపూటే పని కాబట్టి సామాను సర్దేసి కిందికి దిగి వచ్చాడు. కంప్యూటర్ వైపు చూసి, "నన్ను కూడా ఆడనిస్తారా?" అన్నాడు. నేను జరిగి చోటిచ్చాను.

ఇద్దరు ఆడే పాత ఆట ఒకటి ఉండేది. ఇద్దరు మనుషులు ఒక గోపురం ఎక్కాలి. ఒకే కీబోర్డు, ఎడమవైపు నావి, కుడివైపు వాడివి. మూడు ప్రాణాలు ఇద్దరికీ కలిపే. వాడు పడితే నాకూ తగ్గుతుంది. గోడకు రెండు కొసల్లో ఇద్దరు మేస్త్రీలు నిలబడి ఒకే దారం పట్టుకుని కట్టినట్టుగా వాడు ఆడేవాడు. నేను వెనకబడితే ఆగేవాడు. పడినప్పుడు నన్ను ఒక్క మాట అనేవాడు కాదు. మోచెయ్యికి మోచెయ్యి తగిలించుకుని ఆడే ఆ గంట కోసం నేను వారమంతా కాచుకుని ఉండేవాణ్ణి.

నాకు ఆ ఆట కంటే వాడు కావాలి. ఆ మాట చెప్పడం చేతకాక ఆట గొప్పదని వాదించాను.

అటువంటప్పుడు ఒక సంచిక దొరికింది. అందులో కొత్త ఆట ఒకటి, పెద్ద బొమ్మతో సహా. భూమి లోపల పెద్ద కట్టడం, అందులో ఒంటరిగా తిరిగే ఒక మనిషి. మనిషి కూడా కనపడడు, వాడి కళ్ళతో మనమే చూస్తాం. ఇద్దరు ఆడడానికి లేదు. ఎక్కడంటే అక్కడ ఆపి దాచుకోవచ్చు. పత్రిక దాన్ని ఆకాశానికెత్తి ఎనభై నాలుగు మార్కులు వేసింది. వెనక అట్ట తిప్పితే అదే ఆట ప్రకటన, అట్టంతా. నా ఒళ్ళు మండిపోయింది. అమ్ముడుపోయిన మార్కులు నేనెందుకు చదవాలి అనుకున్నాను. నిజమైన మార్కులు నేనే వేస్తాననుకున్నాను. ఆ ఆట నేను చూసింది లేదు, ఆడింది లేదు.

"నలభై," అని చదివాను. "కట్టడం బాగుండాదంట, ఆట మాత్రం లేదంట. ఆపి దాచుకొనేది పెట్టి చెడగొట్టినారంట."

మొదటి పార్టీవాళ్ళు ఎగిరి గంతేశారు. "చూసినావా! వెనక అట్ట మీద ప్రకటన పెట్టుకొని కూడా నలభయ్యే వేసినారు. వాళ్ళు నిజాయితీపరులని మేము ముందే చెప్పలేదా?" నా అబద్ధంతోనే నన్ను ఓడించారు. నేను పేజీ తిప్పబోయాను.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మేస్త్రి కొడుకు అప్పుడు నోరు విప్పాడు. వాడికి ఇంగ్లీషు రాదు. తమిళం కూడా మాటల వరకే. తెలుగు మాట్లాడడమే కానీ రాయడం మా ఇద్దరికీ రాదు. ఈ అక్షరాలు నేను చాలా ఏళ్ళ తర్వాత నేర్చుకున్నాను.

"ఆ బొమ్మలో మెట్లు ఉండాయే, అవి యాడికి పోతాయంట?" అని నన్ను అడిగాడు.

"యాడికీ పోవు. సుమ్మా, ఊరికే వేసిన బొమ్మ," అన్నాను.

"ఆపి దాచుకొంటే మంచిదే కదరా. నాకు వారానికి ఒక గంటే ఉండేది. మొదటినుంచి ఎక్కే లోపల అయిపోతాది."

"అది ఆటే కాదు," అన్నాను. వాడు నా మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత సరే అన్నట్టు తలాడించి, "మనం గోపురం ఎక్కుదాం పా," అన్నాడు.

రెండు నెలల తర్వాత యజమాని మద్రాసు నుంచి ఆ కొత్త ఆట సీడీ తెప్పించాడు. మిగతావాళ్ళంతా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని దానికి అతుక్కుపోయారు. "ఇంత మంచి ఆటకు నలభయ్యా? ఆ పత్రికవాళ్ళకు కళ్ళు లేవు," అని మొదటి పార్టీ మొత్తం తిరగబడింది. చివరికి పత్రికను నమ్మవద్దనే నా మాటే గెలిచింది. అంత పనికిమాలిన గెలుపు నేను మళ్ళీ చూడలేదు. గదిలో తగాదాలు ఆగిపోయాయి. ఎవరి తెర ముందు వాళ్ళు కూర్చునేవాళ్ళు. మూల కంప్యూటర్ దగ్గర మేమిద్దరమే గోపురం ఎక్కుతూ, పడుతూ, మళ్ళీ ఎక్కుతూ ఉండేవాళ్ళం. వాడు కొత్త ఆట వైపు తల తిప్పి చూసినట్టు కూడా నాకు గుర్తు లేదు. నా మాటే వేదమని నమ్మాడనుకుని లోపల్లోపల సంతోషపడ్డాను.

పై అంతస్తు పూర్తయింది. బెంగళూరులో పెద్ద పెద్ద కట్టడాలు లేస్తున్నాయని వాళ్ళ బంధువులు పోతుంటే వాడూ వాళ్ళ వెంట పోయాడు. చివరి ఆదివారం మేము ఆరో అంతస్తు దాకా ఎక్కాం. అంత పైకి ఎప్పుడూ పోలేదు. మూడో ప్రాణం నా వల్లే పోయింది. "పరవాలేదులేరా," అని లేచి, "పోయొస్తా" అన్నాడు. అక్కడి విలాసం అడగాలని కూడా నాకు తోచలేదు.

తర్వాత కొన్ని ఆదివారాలు పోయాను. ఎడమచేత్తో నన్ను, కుడిచేత్తో వాణ్ణి ఆడించి చూశాను. రెండో అంతస్తు దాటలేదు. పోవడం మానేశాను.

ఏడాది తిరక్కముందే గుడియాత్తంలో మా ఇంటి మీద గది వేయాలనుకున్నారు. మా నాయన ఆ తాపీమేస్త్రినే పిలిపించాడు. ప్లాను కాగితం నా చేతికిచ్చి, చదువుకున్నవాడివి కదా, మేస్త్రికి కొలతలు చదివి చెప్పు అన్నాడు. నేను కాగితం నా వైపు పెట్టుకుని, మేస్త్రి ఎదురుగా నిలబడి ఉంటే దర్జాగా చదివాను.

"పన్నెండున్నర అడుగులు," అన్నాను.

"పదమూడున్నర కదా నాయనా. సరిగ్గా చూడు."

చూశాను. పదమూడున్నరే.

"ఆ పక్కనుంచి ఎట్ల కనపడిందప్పా?"

మేస్త్రి నవ్వాడు. "ప్లాను ఎప్పుడూ ఇంజినీరు పక్కకే తిరిగి ఉంటాది. మేము ఎదురుగా నిలబడే చూడాల. తిప్పి చూపించమని అడిగితే ఆయప్పకు కోపం. మాకు అక్షరాలు రావు గానీ అంకెలు తలకిందులుగానే బాగా వస్తాయి. మావోడు పదేళ్ళకే నేర్చినాడు."

ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. నాకు వినబడలేదు. టైపు స్టూలు మీద ఎదురుగా కూర్చున్న వాడే కనపడుతున్నాడు. పత్రిక నా వైపు ఉంది. పేజీ చివర బొటనవేలంత పెద్ద అంకె ఉంది. నేను నలభై అన్నాను. వాడు నా మొహంలోకి చూశాడు. అక్షరాలు రానివాడి ముందు ఏం చదివినా చెల్లుతుందనుకున్నాను. చదువుకున్నవాడి పొగరు, అంతకంటే ఏం లేదు. సిగ్గుతో కాగితం మేస్త్రి చేతిలో పెట్టేశాను.

మరుసటి ఆదివారం తొరపాడి బస్సెక్కాను. యజమాని నన్ను గుర్తుపట్టాడు. వాడి గురించి అడిగితే తమిళంలో మామూలుగా చెప్పాడు. ఆ సీడీ వచ్చినప్పటి నుంచి ఆ పిల్లవాడు పొద్దున్నే, క్లాసులు మొదలయ్యేలోపల ఒక అరగంట కిందికి దిగి వచ్చి మూల కంప్యూటర్ మీద ఆడేవాడట. ఒక్కడే. ఆపి, దాచుకుని, పైకి పోయి పని మొదలుపెట్టేవాడట. మరి ఆదివారాలు నాతో గోపురం ఎందుకెక్కాడు? ఆ ప్రశ్న యజమానిని అడగలేదు. నేను బస్సులో మూడు గంటలు కూర్చుని దేనికోసం వస్తున్నానో వాడికి తెలుసు.

మూల కంప్యూటర్ ముందు కూర్చుని మొదటిసారి ఆ కొత్త ఆట తెరిచాను. దాచుకున్న ఆటల వరుస వచ్చింది. దాచేటప్పుడు పేరు కొట్టమంటుంది కాబట్టి ఆ గదిలో ఆడే అందరి పేర్లూ ఉన్నాయి. నడుమ ఒక్కటి మాత్రం పేరు కాదు. అక్షరాలు రానివాడు కొట్టగలిగింది. 84.

చాలాసేపటికి గానీ దాన్ని తెరవలేకపోయాను. తెరిస్తే మెట్లు. పత్రిక బొమ్మలోని మెట్లే. అవి పైకి పోతూ ఒక పెద్ద ఆర్చీ కింద ఆగాయి. వాడు అక్కడ నిలబడి, తల పైకెత్తి ఆర్చీనే చూస్తూ ఆపేసి పోయాడు. మేం ఎక్కిన ఆరు అంతస్తులు కంప్యూటర్ ఆపగానే పోయాయి, ఎక్కినట్టు ఒక్క గుర్తు కూడా మిగల్లేదు. వాడు ఒంటరిగా ఆడింది మాత్రం అట్లాగే ఉంది. నేను ఒక్క అడుగు కూడా కదపలేదు. బయటికి వచ్చేసి నా ఆట మొదటినుంచి మొదలుపెట్టాను.

మంచి ఆట. ఎనభై నాలుగు తక్కువే.

గంట అయిపోయిందని యజమాని గుర్తు చేశాడు. ఆపి దాచుకున్నాను. పేరు అడిగింది. 40 అని కొట్టాను. వాడెప్పుడైనా తొరపాడి వచ్చి, ఈ గదిలోకి తొంగిచూసి, తన ఆట తెరవబోతే కింద ఆ అంకె కనపడుతుంది. వాడికి అర్థమవుతుంది. అంతకంటే ఇంకో రకంగా క్షమాపణ రాయడం నాకు అప్పుడు తెలియదు.

ఆ తర్వాత చాలా ఆదివారాలు పోయి ముందు ఆ వరుసే చూసేవాణ్ణి. వాడి మెట్ల దగ్గర నుంచి ఎవరూ కదల్లేదు. మరుసటి ఏడాది యజమాని ఆ నాలుగు కంప్యూటర్లనూ అమ్మేసి కొత్తవి పెట్టాడు. అప్పటికి వాడు ఇంకా రాలేదు.