గ్లాసు మీద అరచెయ్యి

రైలు కదిలింది. అక్క ఎక్కలేదు.

అరకు ఇంకా కొద్ది దూరమే. ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సుకు దారి ఇవ్వడానికి మా బండిని కొండ పక్కన ఒక చిన్న స్టేషనులో ఆపారు. చాయ్ కోసం సగం పెట్టె దిగింది, అక్క కూడా. గూడ్సు వెళ్లిపోయాక మా బండి కూత వేస్తే అందరూ పరుగెత్తుకొచ్చి ఎక్కారు. కిటికీలోంచి చూశాను. అక్క రైలుకు వీపు పెట్టి చాయ్ కొట్టు వైపు నడుస్తోంది. పిలిస్తే తిరిగి చూడలేదు. నేనూ దిగేశాను. తలుపు దగ్గర నిలబడి మా చర్చి సంఘపెద్ద అరుస్తూనే ఉన్నాడు.

"అరే, ఏం జేస్తున్రు మీరిద్దరు! బండి పోతాంది!"

మేం బీదర్ నుంచి బస్సులో వచ్చాం. మా చర్చి వాళ్లు అప్పుడప్పుడు ఇలాంటి ప్రయాణం పెడతారు. ఈసారి విశాఖ సముద్రం, అక్కడి నుంచి కొండల మీదికి రైలు. బస్సు ఘాట్ రోడ్డు మీదుగా ముందే అరకు చేరి మాకోసం ఆగుతుంది, సాయంత్రం అందులోనే కొండ దిగిపోవాలి. బీదర్‌లో ప్రార్థన చేసి బయలుదేరాం. జహీరాబాద్ రాకముందే వెనక సీట్లలో పూరీల డబ్బాలు తెరుచుకున్నాయి.

"ఇప్పుడే ఖాళీ జేస్తె సముద్రం కాడ ఇసుక తింటవా మామా?" అని ఒకామె అడిగింది.

"సముద్రం జూస్తె ఆకలైతదంట. అందుకే ముందుగాల తింటున్న," అన్నాడాయన.

అక్క నవ్వింది. అది చూసి బస్సంతా సంతోషించింది. నాకు స్వయానా పెద్దక్క ఆమె. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. బావ పోయిన తర్వాత ఏ ప్రయాణానికీ రాలేదు.

పోయిన తర్వాత అన్నాను గానీ, ఆ మాట అక్క ముందు ఎవరూ అనరు. బావ మా ఊరి పక్కనే ఉన్న నౌబాద్‌లో ఒక చిన్న కర్మాగారంలో ఎలక్ట్రీషియన్. ఎనిమిదేళ్ల కిందట ఒక పొద్దున ఎప్పటిలాగే స్కూటరు మీద పనికి బయలుదేరాడు. పనికి వెళ్లలేదు. స్కూటరు రైల్వే స్టేషను స్టాండులో తాళం వేసి కనిపించింది. ఇంట్లో గొడవ లేదు, అప్పు లేదు, ఒంట్లో జబ్బు లేదు. అప్పటికి నేనింకా పత్రికలోనే ఉన్నాను. తెలిసిన విలేకరులందరికీ ఫోన్లు చేశాను. రెండు చోట్ల మార్చురీ దాకా వెళ్లి చూశాను. ఆయన కాదు.

మా చర్చిలో నవంబరులో ఒక ఆదివారం సమాధులు శుభ్రం చేసి, సున్నం వేసి, పూలు పెడతారు. ఆరాధనలో పోయినవాళ్ల పేర్లు చదువుతారు. పేరు వినగానే ఆ ఇంటివాళ్లు లేచి నిలబడాలి. ఆ ఆదివారానికి ముందు పాస్టరు అయ్యగారు ఏటా అక్క ఇంటికి వచ్చి అడిగేవారు.

"అమ్మా, ఈసారి చదవమంటవా?"

"వద్దు అయ్యగారు. సమాధి ఎక్కడుందని చదువుతరు?"

ఆయన చాయ్ తాగి, ప్రార్థన చేసి వెళ్లిపోయేవారు. కిందటేడు మాత్రం బావ తమ్ముడు ఊరుకోలేదు. చర్చి మెట్ల మీదే అక్కను నిలదీశాడు.

"మా అన్నకు ఒక ప్రార్థన కూడ లేకుండ జేస్తున్నవు వదినా. వచ్చే ఏడు నేనే చదివిస్త. నిలబడెటోళ్లు నిలబడతరు, కూసునెటోళ్లు కూసుంటరు."

అక్క మెట్లు దిగి ఇంటికి వచ్చేసింది. ఆ పేరు చదివిన రోజు నుంచి తాను విధవ. చదవకపోతే ఏమిటన్నది ఆమెకే తెలియదు. ఆ భారంతోనే ఈ బస్సెక్కింది.

ఆ స్టేషనులో నేను అందుకునేసరికి అక్క చాయ్ కొట్టు ముందున్న బల్ల దగ్గర నిలబడి ఉంది. బల్ల ఖాళీ. దాని మీద తాగేసిన గ్లాసు ఒకటి.

"చూసినవా?" అంది.

"ఏంది?"

"టోపీ తీసి మోకాలి మీద పెట్టిండు. గ్లాసు మీద చెయ్యి బెట్టి తల వంచిండు. మొఖం కనబడలే. గూడ్సు అడ్డమొచ్చె."

నాకు అర్థమైంది. బావా నేనూ చదివిన మిషన్ హాస్టల్లో వార్డెన్ ప్రార్థన చాలా పొడుగ్గా ఉండేది. అంతసేపట్లో చాయ్‌లో ఈగ పడేది. అందుకని పిల్లలం గ్లాసు మీద అరచెయ్యి బోర్లించి కళ్లు మూసుకునేవాళ్లం. అక్కడ పెరిగిన మగవాళ్లం ఇప్పటికీ, ఈగల్లేని చోట కూడా అలాగే చేస్తాం. బావ మంచినీళ్లకు కూడా చేసేవాడు.

కొట్టు నడిపే ఆమెను అక్క అడిగింది. "ఇప్పుడు ఇక్కడ కూసున్నాయన ఎటు పోయిండమ్మా?"

"ఆయనా? బడి గోడ కడతన్నారు, ఆ పనికొచ్చాడు. గూడ్సు ఎల్లగానే అదిగో, ఆ దారంట దిగిపోనాడు."

"ఎడమ చేతి బొటనవేలు కాలి ఉంటదా? కరెంటుకు కాలింది."

"నాను సేతులు సూత్తానేటమ్మా, సిల్లర సూసుకుంతాను గానీ. మాటయితే మీ మాటలాగే ఉంతాది. ఇక్కడోలు టీ అంతారు, ఆయన చాయ్ అంతాడు."

అక్క అప్పటికే దారిలోకి దిగింది. నేను వెనకాలే నడుస్తూ, ఈ కొండల్లో చాలా గూడేల్లో చర్చిలున్నాయని, చాయ్ ముందు ప్రార్థన చేసేవాళ్లు ఎందరో ఉంటారని చెప్పాను.

"చెయ్యి గూడ బెడ్తరా?"

"మన హాస్టల్ పోరగాళ్లు దేశమంతట ఉన్నరు కద అక్కా."

ఆమె నడక ఆపలేదు. కొంతదూరం పోయాక దారి మూడుగా చీలింది. అల్లం చేలు, వాగు, అవతల చెట్లు. మనిషి జాడ లేదు. అక్కడ నిలబడి అక్క బావను పేరు పెట్టి పిలిచింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె నోట ఆ పేరు నేను వినలేదు. ఇంటికెవరైనా వచ్చి అడిగితే 'మా ఆయన' అనేది, ఆసుపత్రి కాగితాల్లో రాయాల్సి వస్తే నన్ను చెప్పమనేది. ఒక్కసారే పిలిచింది. ఎవరూ పలకలేదు.

చాలాసేపు వాగు ఒడ్డున రాయి మీద కూర్చుంది. తర్వాత మెల్లగా అంది.

"ఆయనే అయితే, నన్ను జూసి తప్పుకున్నట్టు. కాకుంటే, ఎప్పుడో ఎక్కడనో చచ్చిపోయినట్టు. ఏది కావాలని ప్రార్థన జెయ్యాలె నేను?"

అక్కను చెయ్యి పట్టి లేపాను. బడి గోడ దగ్గరికి వెళ్లాం. ఆ రోజు పని అయిపోయి కూలీలు వెళ్లిపోయారు. సంఘపెద్ద ఫోన్ చేశాడు. బస్సు ఆపి ఉంచానని, ఘాట్ దిగేలోపు చీకటి పడుతుందని, అయినా తొందరేమీ లేదని అన్నాడు. పొద్దున అంత గట్టిగా అరిచిన మనిషి గొంతు తగ్గించి మాట్లాడాడు. చాయ్ కొట్టు ఆమెకు నా నంబరిచ్చి, జీపులో అరకు చేరాం. బస్సు మాకోసమే ఆగి ఉంది. పూరీల మామ కిటికీ పక్క సీటు ఖాళీ చేసి వెనక్కి వెళ్లాడు. మర్నాడు సముద్రం దగ్గర అందరూ నీళ్లలోకి దిగితే, అక్క చెప్పులు కూడా విప్పకుండా ఇసుకలో కూర్చుంది.

బీదర్ వచ్చాక అరకు వైపు పనిచేసే ఒక విలేకరిని బతిమాలి పంపాను. గోడ పని పూర్తయిందట. కూలీల్లో ముగ్గురు ఒడిశా వైపు వేరే పనికి వెళ్లారట. వాళ్లలో ఒకాయన పెద్దవయసు వాడు, పేరెవరూ అడగలేదు. బొటనవేలి సంగతి మేస్త్రీకి తెలియదు. కొట్టామెకు సంతరోజుల్లో నేనే ఫోన్ చేస్తుంటాను. మళ్లీ రాలేదంటుంది.

ఇప్పుడు అక్టోబరు నడుస్తోంది. బావ తమ్ముడు అన్నట్టే చదివించడానికి బావ పేరు ఇచ్చేశాడు. అయ్యగారు ఆ సంగతి చెప్పడానికి అక్క ఇంటికి వచ్చి వెళ్లారు. ఆమె ఇంతవరకు చదవమనీ అనలేదు, వద్దనీ అనలేదు.