వెనక బండిలో సీటు

పోయిన వేసవిలో ఏలూరులో మా ఆడపడుచు కూతురి పెళ్ళి జరిగింది. పాస్టరుగారు వధూవరులకు నాలుగు మంచి మాటలు చెబుతూ, ఉన్నట్టుండి మా ఆయన వైపు చూసి నవ్వారు. "సంసారమంటే బండికి బండి కట్టి లాగడం లాంటిదండి. భర్త ముందు బండి. భార్య వెనక బండి. ముందు బండి ఎటు పోతే వెనక బండి అటే రావాలి. అప్పుడే ఇద్దరూ క్షేమంగా ఇల్లు చేరతారు" అన్నారు. అందరూ తలలూపారు. మా ఆయన కూడా ఊపారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్ళివారి మధ్య లేచి అరిస్తే బాగుండదని కూర్చున్నాను గానీ, లేవాల్సింది. బండి లాగడం గురించి ఆయనకేం తెలుసు? తాడు కట్టి లాగేటప్పుడు ముందున్నవాడికి ఉన్న పని లాగడం ఒక్కటే. తాడు వదులు కాకుండా, తెగకుండా, ముందు బండిని వెళ్ళి గుద్దకుండా బ్రేకు తొక్కుతూ వచ్చేది వెనకున్న మనిషి. ఇద్దరి ప్రాణాలూ ఆ మనిషి కాళ్ళలో ఉంటాయి. నాకు తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ వెనక బండిలో కూర్చుంటున్నది నేనే.

మా ఆయన వ్యాపారం పాత మిలిటరీ లారీలు. సైన్యం వాడి వదిలేసిన వాటిని ఎవరో వేలంలో పాడుకుని తాడేపల్లిగూడెంలో ఒక యార్డులో పెడతారు. అక్కణ్ణుంచి మా ఆయన ఒక్కొక్కటే కొని, కొల్లేరు ఒడ్డున ఉన్న మా ఊరికి తెచ్చి, బాగుచేసి చేపల చెరువుల వాళ్ళకి అమ్ముతారు. వానాకాలంలో చెరువు గట్ల మీద మామూలు లారీ ఇరుసు దాకా దిగబడిపోతుంది. ఈ మిలిటరీ లారీకి ముందు చక్రాలు కూడా లాగుతాయి కాబట్టి మేత బస్తాలతో సహా బురదలోంచి బయటికొస్తుంది. కానీ కొన్న రోజున వాటిలో ఒక్కటీ స్టార్టవదు. మా దగ్గరున్న ఇంకో మిలిటరీ లారీ వెనక కట్టి, దాని చక్రాల మీదే దాన్ని దొర్లించుకుంటూ ఇంటికి తేవాలి.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు మనిషి దొరక్క, "ఊరికే స్టీరింగ్ పట్టుకు కూర్చోవే, లాగేది నేనేగా" అన్నారు. సరదాగా ఎక్కాను. అంతే. ఆ తర్వాత మనిషిని వెతకడం మానేశారు. మా అత్తయ్యగారు కూడా, "నువ్వయితే నమ్మకమమ్మా. బయటివాళ్ళు బండిలో నిద్రపోతారు" అని ఎంత తియ్యగా అనేవారో! మా వైపు మాట మెత్తన అని అందరూ అంటారు. నిజమే, మెత్తగానే కొంప ముంచుతారు.

ఇంజను ఆగిన లారీ స్టీరింగ్ తిప్పడమంటే రుబ్బురోలు తిప్పడమే. బ్రేకు మీద రెండు కాళ్ళూ పెట్టి సీట్లోంచి లేచి తొక్కితే గానీ పట్టదు. ముందు బండి పొగంతా నా నోట్లోనే. హారన్ మోగదు. అరిస్తే వినబడదు. ఫోన్ చేస్తే ఎత్తరు. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తకూడదట, అంత చట్టం తెలిసిన మనిషి! ఇన్నేళ్ళు లారీ స్టీరింగ్ పట్టుకున్నాను, క్లచ్ తొక్కే అవసరం మాత్రం ఒక్కరోజూ రాలేదు. ఊళ్ళోవాళ్ళు "మీ ఆవిడ లారీ కూడా పట్టుకుంటారటండీ!" అని మెచ్చుకునేవాళ్ళు. నన్ను కాదు, మా ఆయన్ని.

బయలుదేరే ముందు ఆయన లారీ కిందికి దూరి, వెనక చక్రాలకు వెళ్ళే షాఫ్టు విప్పేవారు. అది విప్పకుండా లాగితే గేర్‌బాక్సు లోపల నూనె అందక అరిగిపోతుందట. ఒక్కసారి కూడా మర్చిపోలేదు. గేర్‌బాక్సు అరిగిపోతుందని అంత భయం ఉన్న మనిషికి, ఆ సీట్లో కూర్చున్న మనిషి అరిగిపోతుందని తట్టలేదు.

ఏలూరు పెళ్ళికి ముందటి వానాకాలంలో గుండుగొలను దగ్గర హైవే మీద ఒక గేదె అడ్డొచ్చింది. మా ఆయన బ్రేకు కొట్టారు. ఆ బండికి వెనక లైటు వెలగదని నేను చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఊరుకున్నాను. తాడు నేల మీదికి జారేదాకా నాకు తెలియలేదు. రెండు కాళ్ళతో తొక్కాను. తడి రోడ్డు, బండి ఆగలేదు, జారింది. స్టీరింగ్ ఎడమకి విరిచేసి మట్టిలోకి దింపాను. ముందు బండి మూల నా తలుపుకి జానెడు దూరంలోంచి పోయింది. నా మోకాలు వెళ్ళి ఇనప రేకుకి కొట్టుకుంది.

మా ఆయన దిగి పరిగెత్తుకొచ్చారు. వచ్చి, బండి ముందు వంగి చూసి, "హమ్మయ్య, రేడియేటర్‌కి ఏం కాలేదు" అన్నారు. ఆ తర్వాత తలెత్తి నన్ను చూశారు. ఎద్దు పుండు కాకికి ముద్దా!

ఆ ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పారు. ప్రభువు తన రెక్కల నీడలో మమ్మల్ని కాపాడాడనీ, బండికి గీత కూడా పడలేదనీ. అందరూ హల్లెలూయ అన్నారు. అందరూ మోకరించారు. నేను బల్ల మీద కూర్చునే ఉన్నాను. అప్పటినుంచీ నా మోకాలు వంగదు. ప్రార్థనకి మోకరించలేని దాన్నయ్యాను, అయినా బండిలో మాత్రం ఎక్కుతూనే ఉన్నాను. వద్దంటే ఆయన కసరరు, కొట్టరు. "నీ ఇష్టం మరి" అని మొహం చిన్నబుచ్చుకుని మూల కూర్చుంటారు. దాంతో ఇల్లంతా నాదే తప్పన్నట్టు చూస్తుంది.

ఏలూరు పెళ్ళయ్యాక కొన్నాళ్ళకి, ఆ మోకాలే చూపించుకుని వస్తూ గుండుగొలను సెంటర్లో బస్సు కోసం నిలబడ్డాను. మిలిటరీ బళ్ళు వరసగా వెళ్తున్నాయి. నిజం సైన్యానివి. వాటిలో ఒకటి ఇంకోదాన్ని లాగుతోంది. తాడు లేదు. ముందు దాని తోకకీ వెనక దాని బంపరుకీ మధ్య ముక్కోణంలా ఒక ఇనప రాడ్డు. ఆ వెనక బండి నా ముందు నుంచే మెల్లగా మలుపు తిరిగింది. లోపల ఎవరూ లేరు. సీటు ఖాళీ. స్టీరింగ్ తనంతట తనే తిరుగుతోంది.

నేను అక్కడే నిలబడిపోయాను. బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఆ ఖాళీ సీటు చూసి నాకు ఏడుపొచ్చింది, కోపంతో.

ఇంటికెళ్ళేసరికి మా ఆయన భోజనానికి కూర్చున్నారు. "ఏవండీ, ఇనప రాడ్డు కట్టి లాగితే వెనక మనిషి అక్కర్లేదట. మీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు" అన్నారు, పులుసు కలుపుకుంటూ.

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచంటే ఏం చెప్పను. అందరికీ తెలిసిందేగా. మనకి తాడుతో అయిపోతోంది కదా అని."

చేతిలో గరిటె ఉంది. దాన్ని గిన్నెలో పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయాను. కాసేపు అక్కడే ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

ఆ తర్వాతి లారీ కోసం తాడేపల్లిగూడెం వెళ్ళినప్పుడు నేనే వెల్డింగు షాపులో నిలబడి రాడ్డు చేయించాను. "ఎవరి బండికమ్మగారూ?" అని అడిగాడు వెల్డరు. "బండికి కాదండి, నా మోకాలికి" అన్నాను. అతను నవ్వాలో వద్దో తెలియక మళ్ళీ మంట వెలిగించుకున్నాడు. మా ఆయన "అలాగే, అలాగే" అన్నారు. ఆయన "అలాగే" అన్నారంటే నాకు అనుమానం రావాలి. రాలేదు.

వట్లూరు కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి ఆ రోజు సెలవని మాతో వచ్చింది. యార్డులో రాడ్డు బిగించారు. పిన్నులు వేశారు. యార్డంతా ఒక చుట్టు తిప్పి చూశారు. వెనక బండి బుద్ధిగా వచ్చింది, స్టీరింగ్ దానంతట అదే తిరిగింది. నా కళ్ళతో నేను చూశాను, ఆయనా చూశారు. చూసి దిగి, చేతులు తుడుచుకుంటూ, "అంతా బాగుంది. కానీ మనిషి లేకుండా ఎలా? దేనికైనా మంచిది, ఒకరు కూర్చుంటే" అన్నారు.

నేను కదల్లేదు.

ఆయన అమ్మాయి వైపు తిరిగారు. "అమ్మలూ, నువ్వెక్కు తల్లీ. మీ అమ్మకి మోకాలు నొప్పి కదా" అన్నారు, ఎంతో ప్రేమగా.

"సరే నాన్నా" అని అది అప్పుడే మెట్టు మీద కాలు పెట్టింది. నా మొహం చూసి, "ఎంతసేపే అమ్మా, పాటలు వింటూ కూర్చుంటాను" అని నవ్వింది కూడా.

మొదటిసారి నేను కూడా అలాగే నవ్వుతూ ఎక్కాను. "దిగు" అని అరిచాను. యార్డులో వాళ్ళంతా పనులాపి చూశారు. మా వైపు ఆడవాళ్ళు నలుగురిలో అలా అరవరు. "దిగవే! ఇవాళ ఎక్కావంటే ఇంక నిన్ను దింపేవాళ్ళుండరు!" అది బిక్కమొహం వేసుకుని దిగింది.

షాఫ్టు విప్పిన స్పానరు నేల మీద ఉంది. అది తీసుకుని, వంగని కాలిని చేత్తో ఎత్తి పెట్టుకుని, ఆ వెనక బండి ఎక్కాను. సీటు బోల్టులు విప్పడం మొదలుపెట్టాను. "మేం తీస్తాం, ఉండండమ్మగారూ" అని ఒకతను వచ్చాడు. "అక్కర్లేదండీ" అన్నాను. ఆఖరి బోల్టు తుప్పు పట్టి రానంది. కాలితో ఒక్క తన్ను తన్నాను, మంచి కాలితోనే. సీటు ఊడింది. ఎత్తి తలుపులోంచి కిందికి తోసేశాను. అది వెళ్ళి మా ఆయన చెప్పుల ముందు పడింది.

"ఇప్పుడు కూర్చోబెట్టండి, ఎవర్ని కూర్చోబెడతారో" అన్నాను.

"అందరిముందూ ఇదేం పనే" అని గొణిగి, ఆయన సీటెత్తి ముందు లారీ తొట్టిలో వేసుకున్నారు. నేనూ అమ్మాయీ ముందు కేబిన్లో ఆయన పక్కనే ఎక్కాం.

గూడెం నుంచి ఇంటిదాకా ఆ రోడ్డు నేను చూసింది ఆ రోజే. అప్పటిదాకా చూసిందల్లా ముందు బండి తోక. రోడ్డు పక్క ఇన్ని చెట్లున్నాయనీ, పొలాలు అంత దూరం కనబడతాయనీ నాకు తెలియదు. దారిపొడుగునా జనం చేతులూపుతూ అరుస్తున్నారు: "ఏవండీ, వెనక బండిలో డ్రైవర్ లేడండీ!" మా అమ్మాయి కిటికీలోంచి తల బయటపెట్టి "తెలుసండీ!" అని అరుస్తూ, నవ్వలేక చస్తోంది. నాకూ నవ్వొచ్చేదే. కానీ నేను మా ఆయన్ని చూస్తున్నాను.

ఆయన అద్దంలోకి చూస్తున్నారు. కాస్త దూరం పోగానే చూడటం. మలుపొస్తే చూడటం. గతుకొస్తే స్పీడు తగ్గించి, చూసి, మళ్ళీ గేరు మార్చడం. కైకరం దాటేదాకా ఓర్చుకున్నాను.

"ఏవండీ, నేను వెనక కూర్చున్నన్నాళ్ళూ ఆ అద్దంలోకి ఎన్నిసార్లు చూశారు?"

ఆయనకి ప్రశ్న అర్థం కానట్టుంది. "నువ్వున్నావుగా" అన్నారు. "నువ్వున్నావనే ధైర్యంతో ఎప్పుడూ చూడలేదు. చూడాల్సిన అవసరమేముంది?" ఆ మాట నన్ను పొగుడుతున్నాననుకునే అన్నారు. నిజంగా ప్రేమగానే అన్నారు.

నా ఒళ్ళు మండిపోయింది. "నేనున్నాను కాబట్టే చూడాలండీ" అన్నాను.

మా అమ్మాయి నవ్వు ఆపేసింది. ఆయన ఖాళీ బండి సరిగ్గా వస్తోందో లేదోనని మళ్ళీ అద్దంలోకి చూసుకున్నారు.