నాయిన టోపీలో పిచ్చుక గూడు

నా చిన్నప్పుడు మేమున్న ఊరు ఇప్పుడు లేదు. కమాన్‌పూర్ దగ్గర బొగ్గు కోసం తవ్విన ఓపెన్‌కాస్టు గనిలో కలిసిపోయింది. ఊరు ఖాళీ చేయమన్న ఏడు, రోడ్డవతల అందరికీ ఇళ్ల జాగాలిచ్చారు. నాయిన అక్కడ గోడలు లేపి, పాత ఇంటి దూలాలు, గూన పెంకులు విప్పుకుని పోదామని చూస్తున్నాడు. నేను మాత్రం రానని మొండికేశాను. బండి ఎక్కించబోతే మంచం కోడు పట్టుకుని వదల్లేదు.

మా ఇంట్లో కదల్లేనిది నేనొక్కదాన్నే కాదు. అరుగు మీది దూలానికి కొట్టిన మేకుకు, నాయిన గనిలో పెట్టుకునే పాత డ్యూటీ టోపీ వేలాడుతుండేది. అందులో పిచ్చుకలు గూడు పెట్టాయి. గడ్డితోపాటు, బొగ్గు పేల్చాక మిగిలే ఎర్ర, పసుపు వైరు ముక్కలు కూడా తెచ్చి అల్లుకున్నాయి. పేలుడు ముందు సైరన్ మోగితే మేము ఇంట్లోకి ఉరికేవాళ్లం. తల్లి పిచ్చుక పిల్లల మీద ఒదిగి కూర్చునేది. భూమి అదిరి ఆగగానే, ఏమీ జరగనట్టు మళ్లీ పురుగుల కోసం పోయేది.

ఇల్లు విప్పే రోజు రానే వచ్చింది. పిల్లలకింకా రెక్కలు రాలేదు. మా కాక, అంటే నాయిన తమ్ముడు, టోపీని తీసుకుపోయి వాకిట్లో వేపచెట్టుకు తగిలించాడు. పిచ్చుక నోట్లో పురుగుతో వచ్చి, ఉత్త మేకు చుట్టూ గిరగిరా తిరిగింది. అంత దగ్గర్లో పిల్లలు నోళ్లు తెరిచి అరుస్తున్నా అటు పోలేదు.

మా అవ్వ, నాయినను కన్నతల్లి, బయటికొచ్చి చూసింది. "ఏందిరా, పిట్టను గూడ సామాన్ల లెక్క ఎత్తేస్తవా? తెచ్చి ఆడనే పెట్టు."

"ఇల్లు ఇప్పద్దా మరి, అవ్వా?" అన్నాడు కాక.

"ఆవలి కొసకెల్లి ఇప్పుకుంట రా. నువ్వు పెండ్లికి ఒప్పుకునేదాక ఏండ్లకేండ్లు ఆగినం. పిట్ట కోసం జర ఆగలేవా?"

కాక ఆవలి కొసకు పోయాడు. అవ్వ టోపీని పాత మేకుకే తగిలించింది. మర్నాడు మూరెడు పక్కన ఇంకో మేకు కొట్టి దానికి మార్చింది. పిచ్చుక పాత చోటికే వచ్చి, తల అటూ ఇటూ తిప్పి, పక్కనున్న గూడు కనిపెట్టింది. తర్వాత మరో మూరెడు. అట్లా దూలం చివరికి, అక్కడినుంచి పందిరి గుంజకు, ఆఖరికి వేపకొమ్మకు చేరింది. వెనకాలే కాక గూనలు విప్పుకుంటూ వచ్చాడు.

ఆ రోజుల్లోనే అవ్వ నన్ను కొత్త జాగాకు వెంటబెట్టుకుని పోయేది. ఒకనాడు బోరింగు నీళ్లు తియ్యగున్నాయో లేదో చూద్దామంది. ఇంకోనాడు పచ్చి గోడలకు నీళ్లు కొట్టాలి, చెంబు పట్టుకో అంది. ఒకసారి అక్కడే జొన్న గటక వండుకుని తిని, కునుకు తీసి వచ్చాం. ఇంకోసారి రాత్రికి అక్కడే పడుకున్నాం కూడా. ఆ తెల్లారి, మన కోళ్లను ఎప్పుడు తెస్తామని నేనే అడిగాను.

అవ్వ నవ్వి, "నువ్వు గూడ కొమ్మ మీదికి వచ్చినవ్, బిడ్డా" అంది.

ఆ మాట నాకు అందలేదు. పాత ఇంటికి పోతే టోపీ ఖాళీగా ఉంది, పిల్లలు వేపకొమ్మల్లో ఎగురుతున్నాయి. కాక దూలాన్ని బండికెత్తుతున్నాడు. దాని పొడవునా అవ్వ కొట్టిన మేకులు వరసగా ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడితే నీళ్లు, చెంబు, గటక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ రోజు నేనే ముందుగా బండెక్కాను.

ఎన్నో ఏళ్లకు, నా చిన్నకొడుకు బడికి పోనని ఏడ్చినప్పుడు నేనూ అవ్వ చేసినట్టే చేశాను. మొదట తరగతిలో వాడి పక్కనే కూర్చున్నాను. తర్వాత గడప దగ్గర, ఆ తర్వాత గేటు దగ్గర. చూసినవాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. ఒకరోజు వాడు వెనక్కి చూడకుండా లోపలికి పోయాడు. నేను కొంగు దులుపుకుని, మెల్లగా లేచి ఇంటికొచ్చాను.