నోటితో చెప్పాల్సిన కబురు

మా ఎదురింటి టీచరుగారు పోయారు. పోయిన పదకొండో రోజున నాకు తెలిసింది. ఒంగోలు నుంచి బస్సులో వచ్చి, ఆవిడకు ఇష్టమని బత్తాయిలు కొనుక్కుని, బ్రాడీపేటలో ఆవిడ గేటు ముందు నిలబడితే తాళం కనిపించింది. పక్క వాటా ఆవిడ బయటికొచ్చి, "అయ్యో, నీకు తెలీదా అమ్మా? పోయి పదిరోజులు దాటింది" అంది. ఆ బత్తాయిలు ఎక్కడ వదిలేశానో ఇప్పటికీ గుర్తులేదు.

మా గుంటూరులో మనిషి పోతే తెల్లారేసరికి సెంటర్లో ఫ్లెక్సీ లేస్తుంది. దండ వేసిన ఫొటో, కింద బంధువుల పేర్లు. అది చూసి జనం వస్తారు. ఈవిడకు ఫ్లెక్సీ కట్టలేదు. కట్టొద్దని ఆవిడే చెప్పి పోయారు. దాంతో వెనక వీధి ఇస్త్రీ అతనికి కూడా తెలియలేదు. ఏళ్ల తరబడి మునిసిపల్ బళ్లో సైన్సు చెప్పిన మనిషి వెంట శ్మశానం దాకా పదిమంది కూడా వెళ్లలేదట.

మేం ఆ వీధిలో అద్దెకున్న రోజుల్లో ఆవిడ పేరు చెబితే పిల్లలు నవ్వేవాళ్లు, పెద్దవాళ్లు తప్పుకునేవాళ్లు. రిటైరైన ఏడాదే ఆవిడ గేటు ముందున్న కానుగ చెట్టు కొమ్మలన్నీ ఎవరో నరికేశారు. ఎందుకంటే ఒక కోచింగ్ సెంటరు బోర్డుకు అవి అడ్డమట. అక్కడ మొదలైంది. పొద్దున్నే నడకకు వెళ్తూ చేతిలో చిన్న నోటుబుక్కు పట్టుకునేవారు. కొత్తగా లేచిన బోర్డు ఎక్కడుంది, దేన్ని మూసేసింది, సిగ్నల్ కనిపిస్తోందా లేదా, అన్నీ రాసుకునేవారు. సోమవారం వస్తే మునిసిపల్ ఆఫీసులో అర్జీ. "మళ్లీ వచ్చారా మేడమ్?" అని గుమాస్తా విసుక్కుంటే, "బోర్డు పోలేదుగా నాయనా, నేనెక్కడికి పోతాను?" అనేవారు. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించి, మా వీధిలో ఎవరూ ఫ్లెక్సీ కట్టకూడదని ఒప్పించారు. అది ఒక్కటే ఆవిడ పూర్తిగా గెలిచింది. సెంటర్లో ఒకటి దింపిస్తే రెండు లేచేవి.

ఆవిడ ఒక తప్పు కూడా చేశారు. దాన్ని ఆవిడే నాకు చెప్పారు. ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలతో సెంటర్లో పెద్ద బోర్డు ఉంటే, పట్టుబట్టి దింపించారు. మర్నాడు మధ్యాహ్నం ఆ స్తంభం కింద ఒకామె టిఫిన్ క్యారేజీ పట్టుకుని పైకి చూస్తూ నిలబడి ఉంది.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

"మా పిల్ల బొమ్మ ఇక్కడ పెట్టారంటమ్మా. చూద్దామని కూలి మానుకుని వచ్చా."

నల్లపాడులో మిరపకాయల తొడిమలు తీసే పని ఆమెది. టీచరుగారు ఆమెను ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టారు. తర్వాత ఇద్దరూ కలిసి ఆ బోర్డు పెట్టిన కోచింగ్ సెంటరు మేడమెట్ల కింద వెతికి, చుట్టేసి పడేసిన ఫ్లెక్సీని బయటికి లాగి నేలమీద పరిచారు. ఆమె కూతురి బొమ్మ పక్కన చాలాసేపు కూర్చుని, చివరికి ఆ చుట్టని భుజానికెత్తుకుని ఆటో ఎక్కిందట. "నేను వీధిని చూశానే గానీ ఆ తల్లిని చూళ్లేదు" అన్నారు టీచరుగారు.

అప్పట్నుంచి ఆవిడ పద్ధతి మారింది. బోర్డు మీద ఎవరి ముఖం ఉందో వాళ్లను వెతికి పట్టుకుని, ముందు వాళ్లనడిగేవారు. పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టించుకున్న కుర్ర నాయకుల దగ్గరికీ వెళ్లేవారు. "పండగ అయిపోయిందిగా, దింపమంటావా బాబూ?" అంటే వాళ్లు సిగ్గుపడి సరేననేవాళ్లు. అప్పుడప్పుడూ ఆ తల్లి దగ్గరికి నల్లపాడు వెళ్లి పిల్ల చదువు కనుక్కుని వచ్చేవారు.

ఒకరోజు నా వంతు వచ్చింది. నాకు ర్యాంకు వస్తే మా కాలేజీవాళ్లు నన్నడక్కుండానే నా ముఖాన్ని సెంటర్లో కట్టారు. గొప్పలు పోను గానీ, దాన్ని చూసుకోడానికి ఆటోలో మూడుసార్లు తిరిగాను. తర్వాత మెడిసిన్‌లో చేరాను, నావల్ల కాలేదు, ఐదు నెలల్లో తిరిగొచ్చేశాను. పైన నా బొమ్మ మాత్రం నవ్వుతూనే ఉంది. "బోర్డు మీదమ్మాయి వచ్చేసిందంట" అని వీధిలో అనుకోవడం విన్నాక గుమ్మం దాటడం మానేశాను.

టీచరుగారు నేరుగా నా గదిలోకి వచ్చారు. "ఉండనివ్వండి టీచరుగారూ, మళ్లీ చేరుతుంది" అంది అమ్మ.

"నిన్నడగలేదమ్మా. బొమ్మ దానిది" అని నావైపు తిరిగారు. "ఉంచమంటావా, తీయించమంటావా?"

తిరిగొచ్చాక నన్ను ఏదైనా అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఏడుపు ఆగలేదు. "తీయించండి" అన్నాను.

"తీయించడం కాదు. లే, చెప్పులేసుకో. అడగాల్సింది నువ్వు."

కాలేజీ మేనేజరు నవ్వాడు. "అదేంటి మేడమ్, పిల్లకు గౌరవమే కదండీ?"

"గౌరవమైతే ఇంట్లో పెట్టుకుంటుందిలెండి. స్తంభానికెందుకు?"

నేను నోరు తెరిచి, తీసేయమన్నాను. వారంలో తీశారు. ఆ వారం అది దిగకపోతే నేనేమైపోయేదాన్నో తలచుకోవడం నాకిష్టం లేదు. తర్వాత మెల్లగా డిగ్రీ, బీఈడీ చేసి, ఇప్పుడు ఒంగోలులో పిల్లలకు సైన్సే చెబుతున్నాను.

పోయిన వేసవిలో చూడ్డానికి వెళితే అన్నారు: "నేను పోతే ఫ్లెక్సీ కట్టొద్దని తమ్ముడి కొడుక్కి చెప్పాను."

"మరి జనానికెలా తెలుస్తుందండీ?"

"నీకు నోరుందిగా. పోయి చెప్పు."

నవ్వుతూ ఒప్పుకున్నాను. ఆ తమ్ముడి కొడుక్కి నా ఫోన్ నంబరు ఇవ్వాలని మాత్రం తోచలేదు. అతను తన మాట నిలబెట్టుకున్నాడు. నా మాటే పోయింది. పిడికెడు మందితో ఆవిడ వెళ్లిపోవడానికి కారణం నేను. ఇది ఎవరితోనూ అనలేక ఇక్కడ రాస్తున్నాను. మీలో ఆవిడ శిష్యులుంటే, మీకూ ఇదే కబురు.

గేటుకు తాళం చూసిన రోజు సాయంత్రమే చెప్పడం మొదలుపెట్టాను. ఇస్త్రీ అతనికి చెప్పాను. ఆ వీధిలో ప్రతి తలుపూ తట్టాను. సోమవారం సెలవు పెట్టి మునిసిపల్ ఆఫీసుకు వెళితే గుమాస్తా, "అనుకున్నానమ్మా, మేడమ్ రావట్లేదేంటా అని" అని కుర్చీలోంచి లేచాడు. అక్కణ్ణుంచి నల్లపాడు వెళ్లాను.

షెడ్డులో ఆడవాళ్లు మిరపకాయల కుప్పల ముందు వరసగా కూర్చున్నారు. గుమ్మంలోనే నాకు దగ్గొచ్చింది. ఆ తల్లి ఎవరో అడిగి తెలుసుకుని, ఎదురుగా కూర్చుని చెప్పాను. "బ్రాడీపేట టీచరుగారు పోయారమ్మా. చెప్పాల్సింది నేనే. ఆలస్యమైంది."

ఆమె కళ్లు నిండాయి. చేతులు ముఖం దాకా లేచి, అక్కడే ఆగిపోయాయి. వాటి నిండా కారం. ఎర్రబడిన ఆ రెండు అరచేతుల్నీ అలాగే గాల్లో పట్టుకుని, తుడుచుకోలేక, నన్నే చూస్తూ కూర్చుంది. నేను ముందుకు జరిగి నా చున్నీ అంచుతో ఆమె కళ్లు తుడిచాను.