ఆవం నోటి దగ్గరి పలక

బేకరీలో బట్టీ ముందు నిలబడటమే మేస్త్రీకి ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగం. అలా నిలబడి నిలబడి ఆయన ముంజేతుల మీద వెంట్రుకలు మొలవడం ఎప్పుడో మానేశాయి. లోపల రొట్టె కాలిందో లేదో తలుపు తీయకుండా వాసన పట్టి చెప్పేసేవాడు. మనిషి మంచివాడే గానీ కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. బట్టీ సంగతిలో ఎవరైనా సలహా చెప్పబోతే, "అయితే ఈ చేతిగుడ్డ నువ్వే పట్టుకో" అని గుడ్డ తీసి వాళ్ల భుజం మీద వేసేవాడు. పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.

అలాంటి బేకరీ ఒకరోజు మూతపడింది. యజమానికి ఓపిక అయిపోయింది, అంతే. మేస్త్రీ ఇంటికొచ్చి కిటికీ దగ్గరున్న పేము కుర్చీలో కూర్చున్నాడు. మర్నాడూ కూర్చున్నాడు. ఎనిమిది నెలలు కూర్చున్నాడు. ఆయన భార్య ఇంట్లోనే మిషను మీద బట్టలు కుట్టేది. కుట్టు కోసం వచ్చినవాళ్లు, "మేస్త్రీ గారు ఎలా ఉన్నారు?" అని పలకరిస్తే, "మా ఇంట్లో కుర్చీకి మనిషి మొలిచాడమ్మా" అనేది. వాళ్లు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది గానీ, ఆ నవ్వులో ఏమీ ఉండేది కాదు.

వాళ్ల ఇంటికి రెండు వీధుల అవతల పాత ప్రెస్సు ఒకటి ఉంది. అచ్చు యంత్రాలు ఏనాడో వెళ్లిపోయాయి, సిరా మరకలు మాత్రం నేల మీద ఉండిపోయాయి. అందులో కళాసంఘం వాళ్లు చేరారు. బొమ్మలు వేసేవాళ్లకు, మట్టిపని చేసేవాళ్లకు, తోలుబొమ్మలు కోసేవాళ్లకు ఒక్కో గది ఇచ్చారు. అద్దె నామమాత్రం. మిగతాది పనితో తీర్చాలి. నెలకు రెండు మధ్యాహ్నాలు గది తలుపులు బార్లా తీసిపెట్టి, వీధిలోంచి ఎవరొచ్చినా కూర్చోబెట్టి నేర్పాలి. "నా ఏకాగ్రత చెడుతుంది" అని మొదట్లో చిందులేసిన గడ్డం చిత్రకారుడు, ఇప్పుడు ఆ రెండు మధ్యాహ్నాలూ వీధి ముసలమ్మలు రావడం ఆలస్యమైతే గుమ్మంలోకి వచ్చి తొంగి చూస్తాడు.

ఈ సంఘానికి సెక్రటరీ ఒక రిటైరైన లెక్కల టీచరు. కళ గురించి ఆవిడకు పెద్దగా తెలియదు, తెలుసని చెప్పుకోదు కూడా. ఎవరికి ఏ పని అప్పగించాలో మాత్రం ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మట్టిపని చేసే అమ్మాయి కోసం సంఘం ఒక ఆవం కొన్నది. కుండలు కాల్చేందుకు కరెంటుతో నడిచే పెద్ద ఇనప పెట్టె అది, పాతది. వచ్చిన రెండు నెలల్లో మూడుసార్లు అమ్మాయి చేసినవన్నీ ముక్కలు చేసి పెట్టింది. నాలుగోసారి పెట్టే ముందు సెక్రటరీ గారు తిన్నగా మేస్త్రీ ఇంటికి వచ్చారు.

"మేస్త్రీ గారూ, మా దగ్గరొక పొయ్యి మాట వినట్లేదు."

"మట్టి గురించి నాకేం తెలుసండీ?"

"మట్టి సంగతి అమ్మాయి చూసుకుంటుంది. వేడి సంగతి మీరు చూడండి."

మేస్త్రీ విసుక్కుంటూనే వెళ్లాడు. పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, అరచెయ్యి దగ్గరగా పెట్టి చూసి, "తలుపు పై అంచు నుంచి వేడి కారిపోతోంది. ఇన్నాళ్లూ వీధిని కాలుస్తున్నారు మీరు" అన్నాడు. ఆ అంచు బిగించింది ఆయనే. ఆవం దారికొచ్చింది. ఆ రోజు నుంచి దాని తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. రెండేళ్లయింది. పేము కుర్చీ ఖాళీ అయింది.

ఇక అసలు సంగతికి వస్తాను. వీధి చివర ఆసుపత్రిలో రోగులు కూర్చునే హాలు గోడ పెచ్చులూడి చూడటానికే జబ్బుగా ఉండేది. దానికి మట్టిపలకలు తాపడం చేస్తామని సంఘం ఒప్పుకుంది. చుట్టుపక్కల ప్రతి ఇంటి నుంచీ అరచేతి వెడల్పు పలక ఒకటి రావాలి. దాని మీద, ఇంట్లో వాళ్లు రోజూ చూసే వస్తువు ఒకటి గీయాలి. ఎలా చేయాలో అమ్మాయి మధ్యాహ్నాలు కూర్చుని నేర్పింది. నాలుగు నెలలు పట్టింది. ఊరందరి కొళాయిలూ బాగుచేసే ప్లంబరు తన ఇంట్లో కారుతున్న కొళాయిని గీశాడు. బస్సు డ్రైవరు దిండు గీశాడు. ఒక ముసలావిడ, చచ్చిపోయిన కుక్క తాలూకు గిన్నె గీసి, చేసింది చాలక రోజూ వచ్చి దాన్ని చూసి వెళ్లేది.

"ఈ వయసులో నాకు మట్టి పిసకడం ఒకటి తక్కువైంది" అంటూ వచ్చిన మేస్త్రీ భార్య, ఆఖరి రోజున గుడ్డలో చుట్టి ఒక పలక భర్త చేతికిచ్చింది. ఆయన విప్పి చూశాడు. వాళ్లింటి పేము కుర్చీ. అందులో ఎవరూ లేరు.

"మనిషిని గీయలేదేం? చేతకాలేదా?"

"నాకు తోచింది గీశాను. మీ పని మీరు చూసుకోండి" అన్నది ఆమె.

అన్నీ కలిపి నూట అరవై రెండు పలకలు. అందరివీ ఒకేసారి కాలాలని, ఆదివారం పది గంటలకు వీధంతా చూస్తుండగా తలుపు తీయాలని నిర్ణయించారు. గురువారం మేస్త్రీ, అమ్మాయి కలిసి అరల్లో పేర్చారు. చివర్లో కుర్చీ పలక ఒక్కటి మిగిలిపోయింది. ఆయన దాన్ని కింది అరలో, తలుపుకు ఆనీ ఆననట్టు ఆవం నోటి దగ్గర నిలబెట్టాడు.

"అక్కడెందుకు బాబాయ్? లోపల కొంచెం జరిపి సర్దుదాం" అంది అమ్మాయి.

"నోటి దగ్గర చోటు ఎప్పుడూ మనింటిదే అమ్మాయ్. బేకరీలో కూడా అంతే. కొనేవాళ్ల రొట్టె లోపల, మేం తినే రొట్టె నోటి దగ్గర. చల్లగాలి తగిలి పాడైతే మనదే పాడవ్వాలి."

శుక్రవారమంతా కాల్చి సాయంత్రం ఆపేశారు. శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు మేస్త్రీ ఆవం లోపలి వేడి చూపే మీటరు చూడటానికి వచ్చాడు. రెండు వందల అరవై డిగ్రీలు ఉంది. వందకు దిగేదాకా ఎవరూ తలుపు ముట్టుకోకూడదని ఎర్ర సుద్దతో తలుపు మీద రాసి ఉంది. గడ్డం చిత్రకారుడి తొందరకు భయపడి అలా రాయించింది మేస్త్రీయే.

అప్పుడే బస్సు డ్రైవరు డ్యూటీకి వెళ్తూ లోపలికి తొంగి చూశాడు. "మేస్త్రీ, మీ పాలరొట్టె పైపెంకు కరకరలాడేది కదా. అలాంటిది మళ్లీ ఎక్కడా తినలేదయ్యా. ఏం చేసేవాడివి?" అన్నాడు.

ఇంకేముంది, మేస్త్రీ ఉబ్బిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మాట ఎవరూ ఇంత శ్రద్ధగా అడగలేదు. "అదా? బట్టీ ఆపాక తలుపు మూసి ఉంచితే ఆవిరికి పెంకు మెత్తబడిపోతుంది. ఇదిగో, ఇలా జానెడు సందు తీసి, ఇక్కడ చెక్కముక్క పెట్టి..." అంటూ చెప్తూనే ఉన్నాడు. చెయ్యి తన పని తను చేసుకుపోయింది. గడియ తీసింది, తలుపు జానెడు లాగింది, పక్కనున్న చెక్కముక్క తీసి సందులో పెట్టింది. ఆయన నోరు మాత్రం పాలు ఎంత పోయాలో చెప్తోంది.

రెండు మూడు నిమిషాలు గడిచాయి. లోపల నుంచి టింగుమని చిన్న చప్పుడు వచ్చింది. ఇంకొకటి. మరొకటి.

మేస్త్రీ చేతి వంక చూసుకున్నాడు. చెక్క లాగేసి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు, అలా నిలబడితే ఏదో ఆగుతుందన్నట్టు. డ్రైవరుకేమీ అర్థం కాలేదు. "చెక్కముక్క పెట్టి, ఆ తర్వాత?" అన్నాడు.

మేస్త్రీ దాచే మనిషి కాదు. తిన్నగా మేడ మీదికి వెళ్లి, అమ్మాయితోనూ సెక్రటరీ గారితోనూ చెప్పేశాడు. "తలుపు తీశాను. రెండు వందల అరవైలో. నేనే." అమ్మాయి మొహం పాలిపోయింది. ఆమెకు చేతికందిన మొదటి పెద్ద పని అది.

"ఇప్పుడు తెరిచి చూడొచ్చా?" అని అడిగారు సెక్రటరీ గారు.

"చూస్తే మిగిలినవి కూడా పోతాయండీ."

"అయితే రేపు చూద్దాం."

మేస్త్రీ జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంక నేను రాను. ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు?"

ఆవిడ తాళంచెవి తీసి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టారు. "రేపు పదింటికి తలుపెవరు తీస్తారు మరి? నాకు ఆ గడియ తీయడం రాదు. ఇంటికెళ్లి అన్నం తినండి" అన్నారు.

ఆయన ఇంటికెళ్లాడు గానీ అన్నం తినలేదు. నేరుగా వెళ్లి పేము కుర్చీలో కూర్చున్నాడు. గదిలో మిషను చప్పుడు టక్కున ఆగింది. భార్య టీ తెచ్చి ఇచ్చాక గానీ సంగతి బయటికి రాలేదు.

"పోతే మళ్లీ చేస్తారు లెండి" అంది.

"ఎలా చేస్తారు? నాలుగు నెలలు! ఆ కుక్కగిన్నె ముసలావిడకి ఏం చెప్పను?"

ఆమె చూపు ఆయన మీద లేదు, కుర్చీ మీద ఉంది.

ఆదివారం పదింటికి పాత ప్రెస్సులో కాలు పెట్టే చోటు లేదు. సంగతి అప్పటికే వీధంతా పాకింది. డ్రైవరు నోట్లో నువ్వుగింజ నానదు మరి. ఎవరూ మేస్త్రీని ఏమీ అనలేదు, దారి ఇచ్చారు. మీటరు నలభై ఎనిమిది చూపిస్తోంది. ఆయన గడియ మీద చెయ్యి వేశాడు, తీశాడు.

ఎదురుగా, నోటి దగ్గరే, ఒక పలక నిలువునా రెండు ముక్కలై పడి ఉంది. మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. ఇక చూడక్కర్లేదనుకున్నాడు.

అమ్మాయి ఆ ముక్కలు పక్కన పెట్టి, దాని వెనకున్న పలక బయటికి తీసి వేలితో కొట్టింది. ఖంగుమంది. పక్కది, అదీ ఖంగుమంది. ఒక్కొక్కటే వస్తోంది. కొళాయి వచ్చింది, దిండు వచ్చింది, గిన్నె వచ్చింది. ముసలావిడ దాన్ని లాక్కుని గుండెకు అదుముకుంది. సెక్రటరీ గారు పైకే లెక్కపెడుతున్నారు. మొత్తం నూట అరవై ఒకటి. ఒక్క బీట కూడా లేదు.

"కింది నుంచి కొట్టిన గాలంతా ముందున్న ఆ ఒక్కదానికే తగిలింది బాబాయ్. వెనకున్నవి బతికిపోయాయి. ఆ టింగులు పలకలకు రాసిన గాజు పైపూత చల్లారుతున్న చప్పుళ్లు" అంటూ అమ్మాయి ఏడుస్తూ నవ్వింది. గడ్డం చిత్రకారుడు మేస్త్రీని వాటేసుకున్నాడు. మేస్త్రీకి నెత్తిన పాలు పోసినట్టయింది. నిన్న పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు. వదిలీ వదలకముందే డ్రైవరు అడిగాడు, "ఆ పగిలింది ఎవరిదయ్యా?"

నోటి దగ్గర పెట్టింది ఎవరి పలకో ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. నూట అరవై రెండిళ్లలో ఆయన నిజంగా భయపడే మనిషి ఒక్కర్తే.

జనం వెనక నుంచి ఆమె ముందుకొచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. వంగి, రెండు ముక్కలూ తీసి, ఒకదానికొకటి ఆనించి చూసింది. "నాది" అంది. తర్వాత, "అమ్మయ్య!" అంటూ అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

మేస్త్రీ పక్కన కూర్చున్నాడు. "నీదే పగలగొట్టాను. ఇంకొకటి చేయించి..."

"అక్కర్లేదు. వేరేవాళ్లది పగిలుంటే మీరు మళ్లీ ఆ కుర్చీలోంచి లేచేవారా?"

ఆయన భుజం మీది చేతిగుడ్డ చేతుల్లోకి తీసుకున్నాడు.

"మనిషిని గీయలేదేమని అడిగారు కదా. రోజూ చూసేదే గీయమన్నారు. రెండేళ్లుగా పొద్దున్నే వంటింట్లోంచి వస్తూ ముందు దాని వంకే చూస్తాను. ఖాళీగా ఉంటే గానీ నాకు పని మీదికి మనసు పోదు. నిన్న మళ్లీ అందులో కూర్చున్నారు. నా పై ప్రాణం పైనే పోయింది."

ముప్పై ఒక్క ఏళ్లు మంట ముందు నిలబడ్డ మనిషికి ఆ మాట వేడి ఓర్వడం కష్టమైంది. మొహం చేతిగుడ్డలో దాచుకున్నాడు. ఇప్పుడు ఆ గుడ్డను ఎవరి భుజం మీదా వేయాలని ఆయనకు అనిపించలేదు.

కుర్చీ పలకను అతికించి, ఆసుపత్రి గోడ మీద కింది వరసలో, తలుపుకు దగ్గరగా పెట్టారు. బీట కనిపిస్తూనే ఉంటుంది.

సోమవారం పొద్దున మేస్త్రీ పేము కుర్చీని నెత్తిన పెట్టుకుని పాత ప్రెస్సుకు మోసుకెళ్లాడు. ఆవం ముందు దాన్ని వేసి, "మీటరు వందకు దిగేదాకా చేతులు తొడల కింద పెట్టుకుని ఇందులోనే కూర్చుంటాను" అని సెక్రటరీ గారికి చెప్పాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కుట్టుమిషను కిటికీ దగ్గరకు జరిగి ఉంది. భార్య ఆ వెలుతుర్లో సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

అక్కడ వెలుతురు బాగుంటుందని ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. మళ్లీ ఆయనకు కుర్చీ అవసరం పడుతుందేమోనని ఇన్నాళ్లూ దాన్ని కదపలేదు.